గండిమైసమ్మ నీళ్ళు - తెల్లబట్టల తిప్పలు

బాలానగర్‌లో నర్సాపూర్ వైపు వెళ్ళే బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే ఒక్క ప్రయాణంలో మూడు రకాల ఊళ్ళు చూడొచ్చు. చింతల్, షాపూర్‌నగర్ దాకా ఫ్యాక్టరీలూ, షెడ్లూ, టీ బండ్ల దగ్గర మూగిన పనివాళ్ళూ. సూరారం దాటి బహదూర్‌పల్లి వచ్చేసరికి కాలేజీలు, ఆఫీసులు, కొత్త అపార్ట్‌మెంట్లు. ఆ తర్వాత వచ్చేదే గండిమైసమ్మ చౌరస్తా. తిన్నగా పోతే దుండిగల్, నర్సాపూర్ అడవి, మెదక్. ఒక పక్కకి తిరిగితే మేడ్చల్. ఇంకో పక్కకి తిరిగితే బౌరంపేట, బాచుపల్లి మీదుగా మియాపూర్.

ఊరికి పేరిచ్చింది అమ్మవారే. గండి అంటే గుట్టల నడుమ దారి అనీ, చెరువు కట్టకు పడిన తెంపు అనీ రెండర్థాలున్నాయి. తెలంగాణలో మైసమ్మ తల్లి ఉండేది సరిగ్గా ఇలాంటి చోట్లే. కట్ట మీద, పొలిమేరలో, దారి మలుపులో కాపలా కూర్చుంటుంది. ఒకప్పుడు ఇదంతా రంగారెడ్డి జిల్లా కుత్బుల్లాపూర్ మండలం. 2016లో జిల్లాలు విడగొట్టినప్పుడు మేడ్చల్ జిల్లాలో దుండిగల్ గండిమైసమ్మ పేరుతో కొత్త మండలం ఏర్పడింది. చౌరస్తాలో ఉన్న అమ్మవారి పేరు మండలానికే వచ్చిందన్నమాట!

"అయితే అక్కడ చూడ్డానికేముందీ?" అంటారేమో. కోటల్లేవు, జలపాతాల్లేవు. కానీ మనలాంటి గృహిణులు చూసి తెలుసుకోదగ్గది ఒకటుంది. అక్కడి దండేలు! అవునండీ, బట్టలారేసే దండేలే.

దండెం చెప్పే సంగతులు

ఏ ఊరి బతుకైనా దండెం మీద కనిపిస్తుంది. గండిమైసమ్మ చుట్టుపక్కల సందుల్లో ఉదయం పదింటికి నడిచి చూడండి. ఒక బాల్కనీలో ఫ్యాక్టరీ యూనిఫారాలు, మోచేతుల దగ్గర గ్రీజు మరకలతో. పక్క హాస్టల్ డాబా మీద వరసగా జీన్సు ప్యాంట్లు, మధ్యలో తెల్లని ల్యాబ్ కోట్లు. మేస్త్రీ పనికి వచ్చినవాళ్ళ గదుల ముందు సిమెంటు పట్టిన లుంగీలు. అపార్ట్‌మెంటు ఐదో అంతస్తులో స్కూలు పిల్లల తెల్ల చొక్కాలు, పట్టుచీర ఒకటి నీడలో.

పైన అప్పుడప్పుడూ దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ శిక్షణ విమానాలు గుయ్యిమంటూ తిరుగుతుంటాయి. 1967లో అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన సంస్థ అది. కింద రోడ్డు మీద ఇసుక, కంకర లారీలు. ఆరేసిన బట్ట ఆరేలోపే మళ్ళీ దుమ్ము.

కాస్త దగ్గరికెళ్ళి తెల్లబట్టలు చూడండి. చాలా ఇళ్ళల్లో అవి తెలుపు కాదు. కొన్ని బూడిద రంగు, కొన్ని పసుపు ఛాయ. తువ్వాలు పట్టుకుంటే అప్పడంలా పెళపెళమంటుంది. ఇంట్లో మెషీన్ లేదా అంటే ఉంటుంది. అదీ మంచి కంపెనీదే! "మిషన్ల ఏస్తే మురికి పోతలేదక్కా, కాలర్లు మళ్ళ నేనే బ్రష్షుతోటి రుద్దాల్సొస్తుంది" అని ఒకరు, "ఇంకొంచెం పెద్ద మిషన్ తీసుకుంటే బాగుండేదేమో వదినా" అని మరొకరు. వేలకు వేలు పోసి కొన్నాక కూడా నడుం వంచి బ్రష్షు పట్టాల్సి వస్తే ఎవరికైనా ఉసూరుమంటుంది కదండీ. తప్పు మెషీన్‌దా, సబ్బుదా, మనదా?

ముందు నీళ్ళ సంగతి

నగరం శివార్లలో కొత్తగా పెరిగిన కాలనీలకు బోరే ఆధారం. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు. ఆ ట్యాంకరులోదీ చాలాసార్లు ఎక్కడో బోరు నీరే. మన దక్కను నేల రాతి నేల. ఆ రాతి పగుళ్ళలో ఊరిన నీళ్ళల్లో కాల్షియం, మెగ్నీషియం కరిగి ఉంటాయి. వీటినే మనం ఉప్పునీళ్ళు, చవ్వనీళ్ళు అంటుంటాం. శాస్త్రం భాషలో కఠిన జలం.

భారత ప్రమాణాల సంస్థ తాగేనీటికి పెట్టిన లెక్క ప్రకారం లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం దాకా మంచిది, వేరే గతి లేనప్పుడు 600 దాకా సరిపెట్టుకోవచ్చు. గమనించండి, అది తాగడానికి! బట్టల దగ్గరకొస్తే 180 దాటితేనే బాగా కఠినమైన నీళ్ళ కింద లెక్క. అంటే తాగడానికి పనికొచ్చిన నీళ్ళు ఉతకడానికి మొండికేయొచ్చన్నమాట.

ఆ నీళ్ళలో సబ్బు వేస్తే సబ్బు మురికిని పట్టుకోదు, ముందు కాల్షియాన్ని పట్టుకుంటుంది. రెండూ కలిసి జిగటగా తెల్లని తెట్టు కడతాయి. అదే బట్టల పోగుల్లో దూరి బూడిద రంగు తెస్తుంది. తువ్వాలు బిరుసెక్కేదీ ఆ నీళ్ళ వల్లనే. డిటర్జెంట్ పొడి సబ్బుకంటే నయం. కానీ దానికీ కొంత బలం కాల్షియంతో కొట్లాడడంలోనే ఖర్చయిపోతుంది.

మీ నీళ్ళు ఎలాంటివో ఇంట్లోనే చూసుకోవచ్చు. మూతున్న సీసాలో సగం నీళ్ళు పోసి, మామూలు స్నానం సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగా గిలకొట్టండి. నురగ నిలబడి కింద నీళ్ళు తేటగా ఉంటే మెత్తని నీళ్ళు. నురగ రాకుండా పాలలా తెట్టు కడితే కఠినమైనవి. ఇదే పరీక్ష వాననీళ్ళతో కూడా చేసి పక్కపక్కన పెట్టండి, తేడా చూసి ఆశ్చర్యపోతారు. మన అమ్మమ్మలు చూరు కింద గంగాళాలు పెట్టి వాననీళ్ళు పట్టి, మంచి బట్టలకు వాడింది ఊరికే కాదు.

చాకిరేవులో ఉన్న శాస్త్రం

బాచుపల్లి వైపు ఒక అపార్ట్‌మెంటు గేటు పక్కన ఇస్త్రీ బండి పెట్టుకున్న పెద్దామెతో మాటలు కలిపాను. చిన్నప్పుడు చెరువు దగ్గర ఉతికిన చెయ్యి అది. "ఇప్పుడు ఎవరిళ్ళల్ల ఆళ్ళకు మిషన్లున్నయ్ బిడ్డా, మా దగ్గరికి ఇస్త్రీకే వస్తయ్" అంది. మెషీన్ ఉతుకు ఎలా ఉందమ్మా అంటే నవ్వింది. "నానాలె, ఉడకాలె, దెబ్బ పడాలె. అట్లయితెనే మురికి ఇడుస్తది. గా మిషన్ల నీళ్ళు సల్లగుంటయ్, బట్ట ఊకె తిరుగుతది."

ఎంత సత్యం చెప్పిందో చూడండి. రజకుల పద్ధతి గుర్తు చేసుకోండి. బట్టలకు చవుడు నీళ్ళు పట్టించేవారు. చవుడులో క్షారం ఉంటుంది, జిడ్డును విడగొడుతుంది. తర్వాత బానలో పెట్టి ఉబ్బ వేసేవారు. అది వేడి. రాత్రంతా అలా ఉంచేవారు. అది సమయం. తెల్లారి బండ మీద బాదేవారు. అది దెబ్బ.

1959లో జర్మనీలో హెంకెల్ అనే సబ్బుల కంపెనీలో పనిచేసిన హెర్బర్ట్ సిన్నర్ అనే రసాయన శాస్త్రవేత్త సరిగ్గా ఈ నాలుగే చెప్పాడు. శుభ్రపడడానికి కావలసినవి మందు, వేడి, దెబ్బ, సమయం. ఒకటి తగ్గిస్తే మిగతావి పెంచాలి. నాలుగూ తగ్గిస్తే మురికి అలాగే ఉంటుంది. దీన్ని ఇప్పటికీ సిన్నర్ వలయం అంటారు. మన ఊరి రేవులో తరతరాలుగా చేస్తున్నదే!

ఇక మెషీన్ కొనేటప్పుడు ఎన్ని ప్రోగ్రాములున్నాయి, తలుపు ఏ రంగు, ఫోనుతో నడుస్తుందా అని కాదు చూడాల్సింది. ఈ నాలుగూ అందులో ఎంతెంత ఉన్నాయి, మన నీళ్ళకు సరిపోతాయా అనే.

ఏ మెషీన్ ఎలా ఉతుకుతుంది

1980ల చివర్లో దూరదర్శన్‌లో వీడియోకాన్ ప్రకటన చూసి మెషీన్ మీద మనసు పడ్డ తరం మనది. అప్పట్లో చాలామంది కొన్నది రెండు తొట్ల సెమీ ఆటోమేటిక్. దాన్ని చులకన చేయకండి. అడుగున తిరిగే చక్రం నీళ్ళను సుడి తిప్పుతుంది, బట్టలు ఒకదానికొకటి రాసుకుంటాయి. గోరువెచ్చని నీళ్ళు బకెట్‌తో పోసుకోవచ్చు. అరగంట నాననివ్వచ్చు. కాలరు మధ్యలో తీసి రుద్ది మళ్ళీ వేయొచ్చు. కుళాయి ధార సన్నగా వచ్చినా ఇబ్బంది లేదు. ట్యాంకరు మీద బతికే ఇంట్లో, అద్దెకు తరచూ మారేవాళ్ళకి ఇదే తగినది. కష్టమల్లా మనిషి దగ్గరుండాలి. తడిబట్టలు ఒక తొట్లోంచి ఇంకో తొట్లోకి మార్చడంలో నడుం నొప్పి మనదే.

టాప్ లోడ్ ఆటోమేటిక్‌లో వంగక్కర్లేదు. మధ్యలో ఆపి మరిచిపోయిన చొక్కా వేయొచ్చు. అయితే నీళ్ళు ఎక్కువ, ఒక్క విడతకు వంద లీటర్లు దాటడం మామూలే. చాలావాటిలో హీటరు ఉండదు. పెద్దామె చెప్పిన "సల్లని నీళ్ళు" ఇవే. హీటరున్న మోడళ్ళూ వస్తున్నాయి గానీ, అన్ని నీళ్ళు వేడెక్కాలంటే కరెంటూ అంతే తింటుంది.

ఫ్రంట్ లోడ్ డ్రమ్ము అడ్డంగా తిరుగుతుంది. బట్టను పైకి తీసుకెళ్ళి కింద పడేస్తుంది. బండ మీద దెబ్బకు ఇదే దగ్గర. ఉతికే విడతలో తీసుకునే నీళ్ళు సుమారు 15 లీటర్లే, మొత్తం పని 50, 60 లీటర్లలో అయిపోతుంది. తక్కువ నీళ్ళు కాబట్టి మందు చిక్కగా ఉంటుంది, వేడి చేయడం తేలిక. ఒక గంటా రెండు గంటలూ పట్టిందని విసుక్కోకండి, అది సమయం అనే నాలుగో పాలు. ఈ నాలుగూ కుదిరేది ఎక్కువగా దీంట్లోనే.

కానీ దీనికీ షరతులున్నాయి. డ్రమ్ము కుక్కితే బట్ట పైనుంచి పడడానికి చోటుండదు, దెబ్బే లేదు. పైన అరచెయ్యి పట్టేంత ఖాళీ ఉంచాలి. బకెట్ పొడి వేస్తే నురగ పరుపులా పేరుకుని దెబ్బను మింగేస్తుంది. నురగ ఎక్కువైతే శుభ్రం ఎక్కువ అన్నది భ్రమ. ఫ్రంట్ లోడ్‌కని రాసున్న తక్కువ నురగ పొడే వాడాలి. ఇంకోటి, నీటి ఒత్తిడి. చాలా మెషీన్లకు కనీసం 0.3 బార్ కావాలని పుస్తకంలో రాసుంటుంది. అంటే కుళాయి మీద మూడు మీటర్ల ఎత్తున నీళ్ళుండాలి. పై అంతస్తులో ఉండి, నెత్తి మీదే ట్యాంకు ఉన్నవాళ్ళకి ఆ ఒత్తిడి రాదు. ముందే ప్లంబరుకు చూపించుకోండి.

200 యూనిట్ల లెక్క

"వేడినీళ్ళ ఉతుకు అంటే కరెంటు బిల్లు పేలిపోతుంది" అని భయం. తెలంగాణలో 2024లో గృహజ్యోతి వచ్చాక ఈ భయం ఇంకా పెరిగింది. అర్హత ఉన్న ఇంటికి నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. దాటితే మొత్తానికీ కట్టాల్సిందే. కాబట్టి యూనిట్లు లెక్కేసుకోవడం మనకు ముఖ్యం.

లెక్క ఇదీ. 15 లీటర్ల నీళ్ళను 25 డిగ్రీల నుంచి 40కి తేవడానికి పావు యూనిట్ చాలు. 60కి తేవాలంటే 0.6 యూనిట్ పైచిలుకు. మోటారుకి ఇంకో 0.2 అనుకుందాం. రోజూ ఉతికినా 40 డిగ్రీల్లో నెలకు సుమారు 14 యూనిట్లు. రోజూ 60లో అయితే 25 దాకా. చన్నీళ్ళలో ఆరు. 40 డిగ్రీలంటే ఒక బకెట్ స్నానం నీళ్ళు కాచినంత ఖర్చు కూడా లేదు! మామూలు బట్టలకు 40, తువ్వాళ్ళు, దుప్పట్లు, పసిపిల్లల గుడ్డలు వారానికోసారి 60. అలా సర్దుకుంటే బిల్లూ దాటదు, బట్టా తెల్లబడుతుంది. మీటరు 190 దగ్గర తిరుగుతున్న నెలలో మటుకు ఆఖరి వారం చన్నీళ్ళతో నెట్టుకురండి.

మన మరకలు వేరు

విదేశాల్లో మెషీన్లకు ఉతుకు పరీక్ష పెట్టేటప్పుడు మరకలు పూసిన గుడ్డ పట్టీలు వేస్తారు. వాటి మీద రక్తం, కోకో, ద్రాక్ష సారా, మసి, చర్మపు జిడ్డు ఉంటాయి. పసుపు లేదు, ఆవకాయ నూనె లేదు, కుంకుమ లేదు! ఆషాఢంలో గండిమైసమ్మకు బోనం ఎత్తి వచ్చిన ఆడపడుచు చీర చూడండి. పసుపు, కుంకుమ, నూనె, చెమట, దుమ్ము. చాలా మెషీన్ పుస్తకాల్లో ఈ ప్రోగ్రాము కనిపించదు.

పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది. భయపడకండి, క్షారానికి పసుపు గుణం అది. ఉతికి తడిగానే ఎండలో వేయండి. పసుపు రంగు ఎండకు నిలవదు, రెండు మూడు ఎండలకు పోతుంది. రంగు చీరైతే మటుకు దాని రంగూ వెలుస్తుంది, చూసుకోండి. ఆవకాయ నూనెకు ముందు గిన్నెలు తోమే ద్రవం రెండు చుక్కలు రుద్ది పావుగంట ఉంచి, తర్వాత 40 డిగ్రీల్లో వేయండి. రక్తపు మరకకు మాత్రం వేడి తగలకూడదు, ఉడికిన గుడ్డులా గట్టిపడి కూర్చుంటుంది. చన్నీళ్ళలో నానబెట్టి, ఎంజైములున్న పొడితో ఉతకండి. ఎంజైములు పాలు, గుడ్డు, రక్తం, గంజి మరకలను కొరికి విడగొడతాయి. అవి పట్టు, ఉన్ని బట్టలకు పనికిరావు. పట్టుకు మన కుంకుడుకాయ రసమే శ్రేష్ఠం.

షాపులో అడగాల్సినవి

చౌరస్తా చుట్టూ ఎలక్ట్రానిక్ షాపులకు కొదవ లేదు. అమ్మే కుర్రాడు తెర మీద వెలిగే బొమ్మలు చూపిస్తాడు. మీరు ఇవి అడగండి.

1. హీటరుందా? ప్రోగ్రామ్ ఏదైనా సరే 40, 60 డిగ్రీలు మనమే ఎంచుకోవచ్చా? "ఉంది మేడమ్" అంటే సరిపోదు, మీట మీద చూపించమనండి.

2. మామూలు నూలు ప్రోగ్రాముకు ఎంతసేపు పడుతుంది? 15 నిమిషాల ఉతుకు చెమట వాసన పోగొట్టడానికే, మురికికి కాదు.

3. అదనంగా ఒకసారి జాడించే మీట ఉందా? కఠినమైన నీళ్ళకు ఇది చాలా అవసరం.

4. కనీస నీటి ఒత్తిడి ఎంత? మా ట్యాంకు ఎత్తు ఇంత, సరిపోతుందా?

5. ఎన్ని కిలోలు? ఆ లెక్క పొడిబట్టలది. నలుగురున్న ఇంట్లో దుప్పట్లు కూడా వేయాలంటే ఏడెనిమిది కిలోలది కావాలి.

6. వారంటీ మోటారుకేనా, హీటరుకు కూడానా? పదేళ్ళని పెద్దక్షరాల్లో రాసింది చాలాసార్లు ఒక్క మోటారుకే.

7. సర్వీసు మనిషి మన ఊరికి వస్తాడా, ఎన్ని రోజుల్లో వస్తాడు?

స్టార్ లేబుల్ తప్పకుండా చూడండి. కాకపోతే ఆ నక్షత్రాలు పొదుపుకు గుర్తులు. మురికి వదిలినందుకు ఇచ్చిన మార్కులనుకోకండి.

ఏడాది తర్వాత అసలు రంగు

చాకలి కొత్త, మంగలి పాత అని సామెత. మెషీన్ కూడా కొత్తలో భేషుగ్గా ఉతుకుతుంది. ఏడాది గడిచేసరికి హీటరు కడ్డీ మీద సున్నం పొర కడుతుంది, టీ గిన్నె అడుగున కట్టినట్టే. అప్పుడు నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది, ఒకనాడు కడ్డీయే పోతుంది. నెలకోసారి బట్టలు లేకుండా, సున్నం వదిలించే పొడి గానీ నిమ్మ ఉప్పు గానీ వేసి 60 డిగ్రీల్లో తిప్పండి. ఏది ఎంత వేయాలో మెషీన్ పుస్తకంలో చూసి మరీ వేయండి. రబ్బరు మడతల్లో నీళ్ళు తుడిచి, తలుపు కాసేపు తీసి ఉంచితే వాసన రాదు.

కుళాయికి తగిలించే చిన్న ఫిల్టర్లు అమ్ముతున్నారు. వాటిలో చాలావరకు సున్నం గట్టిపడకుండా ఆపుతాయే తప్ప నీటి కాఠిన్యాన్ని తీసేయవు. నిజంగా నీళ్ళను మెత్తబరిచేది ఉప్పు పోసి కడుగుతూ వాడే రెసిన్ సాఫ్ట్‌నర్. ఒక్క ఇంటికి అది భారమే. అపార్ట్‌మెంటంతా కలిసి పెట్టుకుంటే తలా కొంచెమే పడుతుంది. వచ్చే మీటింగులో లిఫ్టు, వాచ్‌మన్ జీతంతో పాటు ఈ మాట కూడా ఎత్తండి. వాననీటి గుంత మాట కూడా. 2024 సెప్టెంబరులో మల్లంపేట కత్వ చెరువు స్థలంలో కట్టిన విల్లాలను హైడ్రా కూల్చినప్పుడు అందరం టీవీలో చూశాం. చెరువు పోతే బోరు లోతుకు పోతుంది. నీళ్ళ కోసం అంతలోతుకు వెళ్ళాల్సి వస్తే ఉతుకు మాట అటుంచి, బకెట్ నింపుకోవడమే కష్టం. ఈ సంగతి ఇల్లు కొనేటప్పుడు మగవాళ్ళు అడగరు, మనమే అడగాలి.

మరి ఏది కొనాలి? కుళాయిలో ధార బాగా ఉండి, సొంతిల్లయి, ఉద్యోగానికి వెళ్ళే ఇల్లాలైతే హీటరున్న ఫ్రంట్ లోడ్. ట్యాంకరు నీళ్ళు, సన్నని ధార, అద్దె ఇల్లు అయితే సెమీ ఆటోమేటిక్, దాంతోపాటు అరగంట నానబెట్టే ఓపిక. మోకాళ్ళ నొప్పులుండి వంగలేని అత్తగారు ఉతికే ఇంట్లో టాప్ లోడ్, వీలైతే హీటరున్నది. ఏది కొన్నా ముందు సీసాలో నీళ్ళు గిలకొట్టి చూశాకే షాపుకు బయల్దేరండి. దారిలో అమ్మవారి గుడి దగ్గర ఆగి దణ్ణం పెట్టుకుని వెళ్ళినా మంచిదే. బేరం మాత్రం మీరే ఆడండి సుమా!